దంచిన చెయ్యే ఉప్పు చూడాలి

ఆదివారం పొద్దున్నే పెద్దావిడ పచ్చి అరటికాయల తొక్క తీసి, చక్రాలుగా తరిగి, నూనెలో వేయించడం మొదలుపెట్టింది. వేగినవాటిని వెల్లుల్లితో కలిపి వేడివేడిగా రోట్లో దంచి ముద్ద చేస్తే, ఆ ఇంట్లో ఆ పూటకి వేరే కూర అక్కర్లేదు. ఈ వంటకి ఆవిడ పెట్టిన నియమం ఒకటుంది. వేయించిన చెయ్యి ఉప్పు చూడకూడదు, దంచిన చెయ్యే చూడాలి. నూనె పొగ తగిలిన నాలుకకి రుచి తెలియదని ఆవిడ వాదన. నిజమో కాదో గానీ, ఆవిడ పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్ళు.

ఒకప్పుడు దంచేది కూతురు. ఆసుపత్రిలో నర్సు. భార్య పోయి, చిన్న పాప ఉన్న మనిషిని చేసుకుంటానని పట్టుబట్టింది. చేసుకుంటే నీ గడప తొక్కనని తల్లి అనేసింది. పెళ్ళయి రెండేళ్ళు దాటినా ఆ మాట మీదే ఉంది. కూతురు ఫోన్ చేస్తే తండ్రే మాట్లాడేవాడు. ఆవిడ మాత్రం పక్కగదిలో చేతిలో పని ఆపి, చెవి అటు పడేసి కూర్చునేది.

ఇప్పుడు వేయించేదీ దంచేదీ ఆవిడే. అంటే ఉప్పు చూసే నోరే లేదు. కోడలు దంచుతానన్నా రోకలి ఇవ్వలేదు. దాంతో ముద్ద ఒక వారం చప్పగా, ఒక వారం నోట్లో పెట్టలేనంత ఉప్పగా ఉండేది. రోజంతా బస్సు హారన్ మోగించే పెద్దాయన ఇంట్లో మాత్రం ఉలకడు, పలకడు. కొడుకు కంచంలో తలదూర్చి నీళ్ళతో మింగేసేవాడు.

ఆ పూట కోడలు ఒక్క ముద్ద తిని కంచం పక్కకి జరిపింది.

"అత్తయ్యా, ఇది తినలేకపోతున్నాం. మీరు బాధపడతారని ఇన్నాళ్ళూ ఎవరం అనలేదు."

పెద్దావిడ మొగుడి వైపు చూసింది. ఆయన నీళ్ళగ్లాసు వైపు చూశాడు. ఆవిడకి కోపం నషాళానికి అంటింది. వంకలు పెట్టేవాళ్ళు ఎవరి వంట వాళ్ళు చేసుకోవచ్చంది. కోడలూ తగ్గలేదు. రుచి మీరు చూడరు, ఇంకొకర్ని చూడనివ్వరు, ఇదేం చోద్యమంది.

"ఇంకొకరు ఆ రోకలి పట్టుకుంటే వదిన ఇక రానట్టేనని మీ భయం. అవునా, కాదా?"

ఆవిడ కళ్ళు నిండిపోయాయి.

"అదొస్తుందనేనే ప్రతి ఆదివారం వేయిస్తున్నాను," అంది చివరికి. "దాన్ని చూడకుండా ఉండలేకపోతున్నాను. పిలుద్దామంటే నోరు రావడం లేదు."

"రానన్నది వదిన కాదు కదత్తయ్యా. మీరు."

కాసేపటికి పెద్దావిడ లేచింది. దంచకుండా మిగిలిన అరటి చక్రాలని డబ్బాలో సర్ది, తువ్వాలులో చుట్టుకుని, చీర కూడా మార్చుకోకుండా బయల్దేరింది. ఏ బస్సెక్కాలో పెద్దాయన వీధి చివరి దాకా వెంటవచ్చి చెప్పాడు. ఆ దారి ఆయనకి బాగా అలవాటున్నట్టే ఉంది.

తలుపు తీసింది ఒక పాప. సగం జడ అల్లి ఉంది, చేతిలో దువ్వెన. "అమ్మా, ఎవరో వచ్చారు," అని లోపలికి కేకేసింది. ఆ పిలుపు విని పెద్దావిడ డబ్బాని ఇంకాస్త దగ్గరికి పొదువుకుంది. రబ్బరుబ్యాండు పళ్ళ మధ్య పట్టుకుని వచ్చిన కూతురు తల్లిని చూసి అక్కడే నిలబడిపోయింది.

తల్లి గడప ఇవతల నుంచే డబ్బా అందించింది. "దంచి, ఉప్పు చూడు."

కూతురు మూత తీసి ఒక చక్రాన్ని వేలితో నొక్కింది.

"చల్లారి గట్టిపడిపోయాయమ్మా. ఇక మెదగవు."

ఆ సంగతి ఆవిడకి తెలియనిది కాదు. కూతురికి నేర్పిందే ఆవిడ. బస్సులో కూర్చున్నంతసేపూ ఒళ్ళో డబ్బా చల్లబడటం తెలుస్తూనే ఉంది. అయినా దిగిపోలేదు.

"అయితే మళ్ళీ వేయించాలి," అంటూ ఆవిడ చెప్పులు విప్పింది. "మీ వంటిల్లు ఎటే?"