బిర్రుగా కట్టిన ఊయల

ఉదయం ఏడింటికి పెరట్లో మొహం కడుక్కుంటూ తలెత్తిన మేస్త్రికి బట్టల తాడు కనబడలేదు. ఇనప గుంజలు రెండూ ఉన్నాయి. మధ్యలో ఉండాల్సిన తాడు లేదు. నిన్న ఆరేసిన నీలం యూనిఫారం కుర్చీ వీపు మీద వేలాడుతోంది.

“తాడేదే?” అన్నాడు వంటింట్లోకి వినబడేలా.

“తెగిపోయిందండీ, పారేశాను,” అంది భార్య.

“తెగిన ముక్కలేవి?”

“చెత్తబండిలో వేశాను. తాడుకి కూడా పోస్టుమార్టం చేస్తారా?”

చేస్తాడు. ముప్పయ్యేళ్ళుగా ఆయన చేస్తున్నది అదే. ఎనిమిదో తరగతితో చదువుకి దణ్ణం పెట్టి లిఫ్టుల పనిలో దూరాడు. లిఫ్టుని మోసే ఉక్కుతాళ్ళని వెలుగులో పెట్టి, ఎన్ని పోగులు తెగాయో లెక్కపెట్టి, అనుమానం వస్తే చాలు లిఫ్టు ఆపేస్తాడు. తోటివాళ్ళు ‘డౌటు మేస్త్రి’ అని పేరు పెట్టారు. ఆయన చూసే లిఫ్టుల్లో ఒక్క మనిషికీ ఇన్నేళ్ళలో గోరంత దెబ్బ తగల్లేదు. బయట అన్నం పెట్టిన ఆ అనుమానమే ఇంట్లో మాత్రం తిన్న అన్నం ఒంటబట్టనివ్వలేదు, ఆయనకీ, ఇంట్లోవాళ్ళకీ.

గుంజ దగ్గరికి వెళ్ళి వేలితో తడిమాడు. తాడు తెగితే ముడి గుంజకే మిగిలిపోవాలి. ఇక్కడ ముడి లేదు. అంటే తెగలేదు. ఎవరో తీరిగ్గా విప్పుకుపోయారు.

భార్య టీ గ్లాసు పట్టుకొచ్చింది. కళ్ళ కింద నల్లటి చారలు. ఆయన కళ్ళు ఆ చారల మీద పడలేదు. గ్లాసు పట్టుకున్న చేతి మీద పడ్డాయి. ఆమె గ్లాసు గట్టు మీద పెట్టి గబగబా లోపలికి వెళ్ళిపోయింది. ‘దొంగ దొరికింది’ అనుకున్నాడు.

తొమ్మిదింటికి గ్రీజు డబ్బా కోసం ఇనప సామాన్ల కొట్టుకి వెళ్ళాడు. కొట్టు ముసలాయన డబ్బా అందిస్తూ ఒక నవ్వు నవ్వాడు.

“ఏం మేస్త్రీ, మంచి కబురు మాదాకా రానివ్వవా?”

“ఏం కబురు?”

“మొన్న మీ అమ్మాయి వచ్చింది. ఊయలకి కొక్కేలు కావాలంది. గట్టివి చూసి ఇచ్చాన్లే. తాతవి కాబోతూ ఇంకా ఆ మొహమేంటయ్యా, ఆముదం తాగినట్టు?”

మేస్త్రి చిల్లర కూడా తీసుకోకుండా బయటపడ్డాడు.

ఒక్కగానొక్క కూతురు. మూడేళ్ళ కిందట, సీటు కవర్లు కుట్టే టైలర్ని చేసుకుంటానని పట్టుబట్టి చేసుకుంది. “ఆ సూదిగాడి గడప తొక్కితే నా చెప్పుతో నన్నే కొట్టు” అన్నాడు మేస్త్రి. అన్నమాట మీదే ఉన్నాడు. నాలుగు వీధుల అవతల ఇల్లు, మూడేళ్ళ దూరం. కూతురే ముందు వస్తుందని ఆయనా, తండ్రే పిలుస్తాడని ఆమే చూస్తూ కూర్చున్నారు. ఒక పసివాడో పసిపిల్లో పుడితే ఆ వంకతోనైనా తన కూతురు మళ్ళీ తనకి దక్కుతుందని మేస్త్రికి లోలోపల ఒక ఆశ. ఎవరికీ చెప్పుకోలేదు.

ఇప్పుడు ఆ ఊయల కట్టేశారు. మేకులమ్ముకునే ముసలాడికి తెలిసింది. తనకి తెలియదు.

నాలుగంతస్తుల భవనం మీద, లిఫ్టు మోటారు గదిలో కూర్చున్నాడేగాని చెయ్యి పనిలో లేదు. బిగించిన బోల్టునే మళ్ళీ బిగించాడు. తలలో లెక్కలన్నీ కలుస్తున్నాయి. కిందటి నెల బీరువాలోంచి మెత్తటి పాత దుప్పటి మాయమైంది. “చిరిగింది” అంది భార్య. కిందటి వారం తను తొందరగా ఇంటికెళితే, అప్పుడే వచ్చిన భార్య బుగ్గ మీద ఎర్రగా పొడుగాటి గీత. “కూరగాయలకి వెళ్ళాను” అంది. వంకాయలు ఏరితే బుగ్గ మీద గీత పడుతుందా? తల్లీ కూతుళ్ళు ఒక్కటయ్యారు. దుప్పట్లూ తాళ్ళూ మోసుకెళుతోంది. తనొక్కడే పరాయివాడు.

పదకొండింటికి ఇంటికి ఫోన్ చేశాడు. రోజూ చేస్తాడు. పదకొండుకొకటి, పన్నెండున్నరకొకటి, మూడుకొకటి. ఏం చేస్తున్నావ్, ఎవరొచ్చారు, తలుపు గడియ వేశావా? భార్య ఎప్పుడూ మూడో రింగుకే ఎత్తేది. ఇవాళ మోగి మోగి ఆగిపోయింది. రెండోసారీ అంతే.

మేస్త్రి పనిముట్ల సంచీ భుజాన వేసుకుని, మూడేళ్ళలో మొదటిసారి కూతురింటికి బయల్దేరాడు.

గేటు తీసి ఉంది. ముందుగదిలో కుట్టుమిషన్ గడగడమంటోంది. పక్కన వసారా. వసారాలో స్టూలు మీద కూర్చుని కూతురు దారప్పోగులు కత్తిరిస్తోంది. తండ్రిని చూసి నోరు తెరిచింది. మరుక్షణం లేచి వేలు పెదాల మీద పెట్టుకుంది.

“ఉష్! నాన్నా, మెల్లగా. ఇప్పుడే పడుకుంది.”

‘పడుకుంది’ అన్న మాట దగ్గరే మేస్త్రి ఆగాడు. పుట్టేసింది కూడానా? ఆడపిల్లా? పురుడు కూడా అయిపోయి, ఊయల్లో వేసి జోకొట్టేదాకా వచ్చినా తాతకి కబురు లేదా?

“ఎన్నాళ్ళయింది?” అన్నాడు.

“నెల దాటింది నాన్నా. నీకు చెప్పొద్దని అమ్మే...”

“చాలు. తల్లీ కూతుళ్ళు కలిసి నన్ను బతికుండగానే గోడ మీద ఫోటో చేశారు.”

వసారా ఆ చివర నుంచి ఈ చివరకి, ముతక ఖాకీ గుడ్డతో కుట్టిన పొడుగాటి ఊయల. రెండు పక్కలా అంచులు కలిసి లోపలున్నది కనబడటం లేదు. కింద నేల మీద ఒక జత చెప్పులు. మేస్త్రి అడుగు ఆగింది. ఆ చెప్పుల మడమలు ఒకపక్కకి అరిగి ఉన్నాయి. అలా అరిగిన చెప్పుల్ని ఆయన రోజూ తన గుమ్మంలో చూస్తాడు.

గుడ్డ అంచు తొలగించి చూశాడు. లోపల భార్య. నోరు కాస్త తెరుచుకుని, చెయ్యి బుగ్గ కింద పెట్టుకుని, ఒళ్ళు మరిచి నిద్రపోతోంది. కుట్టు అంచు బుగ్గకి ఒత్తుకుంది.

ఏం అనాలో తోచేలోపు చెవిన చిన్న చప్పుడు పడింది. ఇసక రాలుతున్న చప్పుడు. ఇంకొకరికైతే వినబడేది కాదు. తలెత్తాడు. తలవైపు గోడలో దిగేసిన కొక్కెం ముందుకి వాలింది. దాని చుట్టూ సిమెంటు పూత పెచ్చులూడి సన్నగా రాలుతోంది. కొక్కేనికి కట్టిన తాడు, ఎండకి తెల్లబారి నూగులేచిన తన బట్టల తాడు.

సంచీ అక్కడే వదిలేసి ఊయల కిందికి రెండు చేతులూ తోశాడు. అదే క్షణంలో కొక్కెం ఊడొచ్చింది. బరువంతా ఆయన మీద పడింది. ఒక మోకాలు నేలకి కొట్టుకుంది. చేతులు మాత్రం వదల్లేదు.

“అమ్మా!” అని కేక పెట్టింది కూతురు.

భార్య కళ్ళు తెరిచింది. ఎదురుగా మొగుడి మొహం. తను ఎక్కడుందో, ఏం జరిగిందో తెలియకముందే ఆమె నోటి నుంచి మాటలు వచ్చేశాయి.

“వంటయిపోయిందండీ. పెరట్లో ఉన్నాను, ఫోను వినబడలేదు. ఎవరూ రాలేదండీ. గడియ వేసే ఉంది.”

ముందుగదిలో మిషన్ ఆగింది. మేస్త్రి ఆమెని మెల్లగా నేల మీదికి దించాడు. మోకాలి నొప్పి ఆయనకి తెలియలేదు. పడిపోతున్న మనిషి ‘అయ్యో’ అనాలి. ఈమె సంజాయిషీ చెప్పింది.

మెడలో టేపుతో అల్లుడు పరుగెత్తుకొచ్చాడు. “అయ్యో, ఏమైంది అత్తయ్యా! మావయ్యగారూ, దెబ్బ తగిలిందా?”

ఏ మాటా దొరకనివాడికి కోపమే దొరుకుతుంది. “ఎవడు కొట్టాడు ఆ కొక్కెం? బుర్రుందా నీకు? ఒంటి ఇటుక గోడ, పైన వేలెడు సిమెంటు పూత. అందులో ప్లాస్టిక్ గుల్ల దిగేసి మనిషిని వేలాడదీస్తావా? క్యాలెండరు తగిలించుకో దానికి!”

“నిన్నటిదాకా కిటికీ ఊచలకి కట్టానండీ. గాలి రావట్లేదని నిన్నే ఇటు మార్చాను. కుట్టు మాత్రం గట్టిది మావయ్యగారూ. మూడు వరసలు వేశాను. నైలాను వల అయితే ఒంటికి కోసుకుంటుందని గుడ్డ తీసుకున్నాను.”

“కుట్టుకి వంక పెట్టానా? గుడ్డ బానే ఉంది. కట్టడమే బాలేదు. వీణ తీగలా అంత బిర్రుగా ఎందుకు లాగావయ్యా?”

అల్లుడు తల గోక్కున్నాడు. “ముడత పడిందని లాగానండీ. సీటు కవరు మీద ముడతుంటే మాకు పరువు తక్కువ.”

“ఇది సీటా? ఊయల బిర్రుగా లాగేకొద్దీ కట్టిన చోటు మీద బరువు రెట్టింపవుతుంది. వదులుగా, నడుం దగ్గర బాగా దిగేలా కట్టాలి. వదులిస్తేనే నిలబడేది. అదేపనిగా లాగితే ఏదో రోజు గోడే ఊడొస్తుంది.”

“ఆ మాట అంటున్నది మీరేనా?” అంది భార్య.

గొంతు పెంచలేదు. నేల మీద కూర్చునే, రాలిన సిమెంటు పొడి చేత్తో దులుపుకుంటూ అంది. మేస్త్రి ఆమె వైపు చూశాడు.

“ఇంట్లో నాకు నిద్ర పట్టదండీ. కళ్ళు మూసుకుంటే ‘ఏం ఆలోచిస్తున్నావ్’ అంటారు. తెరిస్తే ‘ఎందుకు మేలుకున్నావ్’ అంటారు. పగలు కునుకు పట్టేసరికి ఫోను. మీ రెండు ఫోన్ల మధ్య వచ్చి పడుకుంటే ఇక్కడ గంటసేపు ఎవరూ ఏమీ అడగరు. ఇవాళ ఆగలేక పదకొండుకి ముందే వచ్చేశాను. అంతే. నేను చేసిన దొంగతనం అదే. ఆ తాడు కూడా నేనే ఇచ్చాను.”

“నాతో చెప్పొచ్చుగా.”

“చెబితే? నిద్రెందుకు పట్టదు, ఎన్నాళ్ళ నుంచి, ఎవరితో చెప్పావు... వాటికి జవాబులు చెప్పాలిగా. దానికి బదులు మేలుకుని ఉండటమే సుఖం.”

మేస్త్రి గోడకి ఆనుకున్నాడు. కూతురి వైపు చూసి అడిగాడు. “మరి ఊయలంటే... పసిపిల్ల కోసం కాదూ?”

“పసిపిల్లా? అయ్యో నాన్నా! పసిపిల్లల్ని ఇలాంటి దాంట్లో పడుకోబెడతారా ఎవరైనా? మొహం మీదికి గుడ్డ ముడుచుకుపోదూ?” నవ్వబోయి ఆగిపోయింది. ఆయన కళ్ళలో నీళ్ళు కనబడ్డాయి. “అలాంటి కబురుంటే ముందు నీ దగ్గరికే పరుగెత్తుకొస్తాను. నువ్వు తలుపు తియ్యకపోతే అక్కడే కూర్చుంటాను. మూడేళ్ళూ నీకు కోపమనుకున్నాను నాన్నా. నువ్వూ నా కోసం ఎదురుచూస్తున్నావా?”

ఆయన సంచీ దగ్గరికి వెళ్ళి డ్రిల్లు తీశాడు.

వసారా రెండు చివర్లా కాంక్రీటు పిల్లర్లున్నాయి. వేలి కణుపుతో కొట్టి చూసుకుంటూ, పూత వెనక గట్టి కాంక్రీటు తగిలిన చోటు ఎంచుకున్నాడు. తల కన్నా ఎత్తులో రంధ్రం వేసి, తన సంచీలోని, కాంక్రీటుని లోపలి నుంచి పట్టుకునే యాంకర్ బోల్టులు దిగేశాడు. నోరు తెరిచిన కొక్కేలు పక్కన పడేసి, మూసిన కన్నున్నవి బిగించాడు. అల్లుడు పరుగున పోయి సీటు బెల్టు పట్టీ తెచ్చాడు.

“ఇది పనికొస్తుందా మావయ్యగారూ? లారీ సీట్లకి వేసేది.”

మేస్త్రి పట్టీని వెలుగులో పెట్టి చూశాడు. లాగాడు. “తాడు కన్నా ఇదే నయం. నువ్వు కుట్టు, నేను కడతాను,” అన్నాడు. సూదిగాడు అనలేదు.

ఊయల ఈసారి వెడల్పుగా, లోతుగా దిగింది. మధ్యభాగం కుర్చీ ఎత్తున నిలిచింది. కింద ఉన్న స్టూలూ కత్తెరా మేస్త్రి దూరంగా జరిపించాడు. “ఎక్కేముందు రోజూ రెండు చివర్లూ చేత్తో లాగి చూడండి. ఎండలో వానలో వదిలెయ్యకండి, లోపల పెట్టండి. తడిస్తే నీడన ఆరెయ్యండి. గుడ్డ నూగు లేస్తే మొహమాటపడక మార్చెయ్యండి.”

“ముందు నువ్వు పడుకో నాన్నా. నీ బరువాగితే అమ్మ బరువు లెక్కలేదు,” అంది కూతురు.

“నేనా? నాకెందుకు?”

“ఇంతసేపు చెప్పారుగా, పడుకుని చూపించండి,” అంది భార్య. పొద్దుటి నుంచి ఆమె మొహంలో అదే మొదటి నవ్వు.

మేస్త్రి నడిమధ్యన కూర్చుని, కాళ్ళు పైకి తీసుకుని, ఏటవాలుగా ఒరిగాడు. వీపు సాపుగా ఆనింది. రెండు అంచులూ మీదికి వాలి వసారాని మూసేశాయి. లోపల ఖాకీ వెలుగు, కొత్త గుడ్డ వాసన. భార్య రోజూ ఇక్కడికి వచ్చి గంటసేపు ఏం వెతుక్కుంటోందో ఆయనకి తెలిసింది. అది తన దగ్గర దొరకనిది. బిగపట్టుకున్నది తెగిపోయి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. ఊయల సన్నగా వణికింది.

“కుట్టు పట్టిందా మావయ్యగారూ?” అన్నాడు బయటి నుంచి అల్లుడు.

“పట్టింది,” అన్నాడు లోపలి నుంచి.

కాసేపటికి గుడ్డ కింది నుంచి ఒక అరచెయ్యి వచ్చి ఆయన వీపుకి ఆనింది. గుడ్డ మందం దాటి వెచ్చదనం తెలుస్తోంది. ఆ చెయ్యి ఊయలని మెల్లగా అటూ ఇటూ ఊపసాగింది. భార్యదో, కూతురిదో. కళ్ళు మూసుకున్నాడు. ఎవరని అడగలేదు.