పేరు దాచిన పుర్రె

ఆదివారం అమావాస్య... మిట్టమధ్యాహ్నం! కారుమేఘాలు సూర్యబింబాన్ని కబళించాయి. భద్రాచలం అడవి అంచున, పాత దొరగడీలోని చిన్న మ్యూజియాన్ని అకాల అంధకారం ఆవరించింది. దూలం మీద గుడ్లగూబ పట్టపగలే కూసింది...

మ్యూజియం చూసుకునే సుజన గుండె దడదడలాడింది. గుడ్లగూబను చూసి కాదు, తన పాపాన్ని తలచుకుని.

గడీ పెరటి తవ్వకాల్లో పుర్రె దొరికిననాడే కోయగూడెం నుంచి జంపక్క వచ్చింది.

"మా తాత జంపయ్య, మేడం. వెట్టికి రానన్నడని దొర చంపి ఈడనే పాతిపెట్టిచ్చిండు. ఆయన పేరే నాకు పెట్టిండ్రు. ఇయ్యిన్రి, పేరు పెట్టి పిలిచి బువ్వ పెట్టుకుంటం" అని బతిమాలింది.

ఇచ్చేస్తే మ్యూజియానికి వచ్చే ఆ నలుగురూ రారు. గడీ పాత లెక్కల్లో ఆ పేరు చూసి కూడా సుజన ఆధారం లేదని బొంకింది. అద్దాల పెట్టె మీద 'పేరు తెలియదు' అని రాసి అంటించింది. ఆనాటి నుంచి జంపక్క ప్రతి అమావాస్యకూ టికెట్ కొనుక్కుని వచ్చి, తాతను చూసిపోతోంది.

ఇవాళ గడీ వారసుడు వెంకటరామారావు పుర్రెకు పూజ చేస్తానంటే, మ్యూజియానికి గడీ ఇచ్చిన మనిషి కదా అని సుజన పెట్టె తాళం తీసింది. తీరా చూస్తే... రక్తవర్ణపు ముగ్గు, చీల్చిన నిమ్మకాయలు, భీకర బీజాక్షరాలు!

"పేరు లేని పుర్రె పట్టినోడికి బానిస. ఇగ వీడు చచ్చి కూడా వెట్టి చెయ్యాలె. నువ్వే పేరు తీసేసి పుణ్యం కట్టుకున్నవ్, సుజనా" అంటూ వాడు వికటంగా నవ్వాడు.

అప్పుడే టికెట్‌తో గుమ్మంలోకి వచ్చిన జంపక్క కుప్పకూలింది! కనుగుడ్లు తేలేసింది... గొంతు బిగుసుకుపోయింది... తాతను పిలవబోయిన నాలుక నెత్తురు కక్కింది. జంపయ్య వారసురాలి ప్రాణమే ఆ క్షుద్రయాగానికి బలి!

పేరు పెట్టి పిలిస్తే పుర్రెకు ఆ బానిసత్వం తెగుతుంది; ఆ పేరు తెలిసిన మనిషి అక్కడ ఇంకొకతే ఉంది, సుజన. పలికితే, తెలిసే దాచానని ఒప్పుకున్నట్టే. చివరికి సిగ్గు విడిచి, కళ్లు మూసుకుని పిలిచింది.

"జంపయ్య తాతా... లే!"

పిడుగు! పుర్రె గిర్రున తిరిగింది. మూలనున్న దొరల పల్లకి గాలిలోకి లేచి, వెంకటరామారావు భుజం మీదకు దిగింది. కనిపించని బోయీల గొంతులు "ఓహోం... ఓహోం..." అంటూ వాణ్ణి నడిపించాయి. మోకాళ్లు విరిగేదాకా... వెన్ను నలిగేదాకా... ఊపిరి ఆగేదాకా!

వాన మొదలైంది. జంపక్క మెల్లగా లేచి, పుర్రెను కొంగులో చుట్టుకుంది. సుజన ఆమె కాళ్ల మీద పడింది.

"తప్పయింది, జంపక్కా."

"ఆనాడే పిలిస్తే ఏం పోతుండె, మేడం?"

ఆ అడగడంలో కోపం లేదు. అందుకే సుజన తలెత్తలేకపోయింది.