ముందు సీడీ, తర్వాత అడాప్టర్

ఏజెంట్ మైకేల్ చేతిలో చాయ్ గ్లాసు ఉండగానే చచ్చిపోయాడు. నాంపల్లి స్టేషన్, మొదటి ప్లాట్‌ఫారం, 2004 జూన్, పొద్దున ఎనిమిదిన్నర. సైలెన్సర్ తగిలించిన పిస్టల్, ఒక్కటే బుల్లెట్. జనం పోగయ్యేసరికి అతని బ్రీఫ్‌కేసు లేదు, కాల్చిన మనిషీ లేదు.

తొమ్మిదిన్నరకు గన్‌ఫౌండ్రీలో, బోర్డు లేని ఒక ఆఫీసులో, ఏజెంట్ భూపాల్ బల్లను పిడికిలితో గుద్దాడు. చీఫ్ జగన్మోహనరావు ముందున్న కప్పు ఎగిరిపడింది.

"మైకేలన్నను ఎవరు సార్ చంపింది? పేరు చెప్పున్రి చాలు."

"లోయిస్."

ఏడాదిగా విదేశీ ముఠా రహస్యాలు మనకు చేరవేస్తున్న మనిషి ఆమె. ఆమెను నమ్మి డిపార్ట్‌మెంట్‌కు పరిచయం చేసిందే మైకేల్. పాముకు పాలు పోసినట్టయింది.

"డబుల్ ఏజెంట్," అన్నాడు చీఫ్. "బ్రీఫ్‌కేసులో కోడ్‌లో రాసిన కంప్యూటర్ ఫైలుంది. అందులో మాబెల్ పేరు, ఫొటో, చిరునామా ఉన్నాయి."

మాబెల్ మైకేల్ భార్య. రెండేళ్లుగా ఆ ముఠా దేశంలో, వాళ్ల హెడ్డాఫీసులోనే, రిసెప్షనిస్టు వేషంలో ఉన్న మన ఏజెంట్. ఆ కోడ్ విప్పితే గంటలో ఆమెను చంపేస్తారు.

"ఫైలు ఆబిడ్స్‌లో, వాళ్ల ట్రేడ్ ఆఫీసులో, మూడో అంతస్తులో ఉంది. కోడ్ విప్పేవాడు రోడ్డుకు అవతల లాడ్జిలో దిగాడు. రెండు గుమ్మాల దగ్గరా మనవాళ్లున్నారు. సీడీ పట్టుకుని దిగితే దొరికిపోతారు. ఫోన్ లైన్లు కోసేశాం. అందుకని గాల్లో పంపిస్తారట. వైర్‌లెస్ నెట్‌వర్క్ అడాప్టర్ తెచ్చుకున్నారు."

"గంత తెలిసినంక తలుపు పగలగొట్టక గీడ కూసునుడేంది?"

"విదేశీ ఆఫీసు, భూపాల్. ఢిల్లీ పర్మిషన్ పన్నెండింటికి వస్తుంది. అప్పటిదాకా ఆ గడప తొక్కకూడదు."

"మైకేలన్నను చంపనీకి వాళ్లు ఎవరి పర్మిషన్ తీసుకున్నరు సార్?"

చీఫ్ ఎగిరిపడ్డ కప్పును సరిచేసి పెట్టాడు. "అడాప్టర్ బిగించడానికి వాళ్లు పిలిచిన మెకానిక్‌ను అఫ్జల్‌గంజ్‌లో ఆటో దిగుతుండగా ఎత్తేశాం. అతని బదులు నువ్వు వెళ్తున్నావు. లోయిస్ నిన్నెప్పుడూ చూడలేదు. పన్నెండు దాకా ఆ ఫైలు కదలకూడదు. అంతే."

స్క్రూడ్రైవర్ పిడిలో ట్రాన్స్‌మిటర్ పెట్టి ఇచ్చారు. వేషం పెద్దగా అక్కర్లేకపోయింది. అసలు ఉద్యోగం బయటపడకుండా ఆబిడ్స్ సందులో ఆరేళ్లుగా కంప్యూటర్ రిపేరు దుకాణం నడుపుతున్న మనిషి అతను. ఆ ఆరేళ్లలో కస్టమర్ల మీద అరిచి అరిచి గొంతు కూడా మెకానిక్ గొంతే అయిపోయింది.

పదిన్నరకు మూడో అంతస్తు బెల్లు కొట్టాడు. తలుపు సందులోంచి ఆడగొంతు. "వానొస్తుందా?"

"గొడుగు తెచ్చిన." దొరికిన మెకానిక్ నోట రాబట్టిన గుర్తుమాట అది.

తలుపు తెరుచుకుంది. సిల్కు చీర, నల్ల కళ్లద్దాలు, గది నిండా సెంటు వాసన. రెండు గంటల కింద మనిషిని చంపినట్టు ఆ మొహంలో ఎక్కడా లేదు. భూపాల్‌కు ఒళ్లు మండిపోయింది. పళ్లు నూరుకుని సంచీ దించాడు.

"ఎంతసేపు పడుతుంది?" అంది లోయిస్.

"ముందు కంప్యూటర్‌ను తయారు చెయ్యాలె మేడం. పాత నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్ తీసెయ్యాలె. సర్వీస్ ప్యాక్ ఎక్కించాలె. యాంటీ వైరస్ జరసేపు ఆపాలె. తర్వాత అడాప్టర్‌తోని వచ్చిన డ్రైవర్ సీడీ. అన్నింటికన్న ఆఖర్న అడాప్టర్."

అబద్ధం ఒక్కటీ లేదు. అన్నీ అవసరమైన పనులే, అన్నీ నత్తనడక పనులే. సర్వీస్ ప్యాక్ ఎక్కుతుంటే తెరమీద నీలంపట్టీ వేలెడు జరగడానికి పది నిమిషాలు పట్టింది. పదకొండు దాటింది. లోయిస్ గదిలో అటూ ఇటూ తిరిగింది. చటుక్కున ఆగింది.

"నాటకాలు చాలు." చేతిలో పిస్టల్. సైలెన్సర్ ఇంకా తీయలేదు. "చిన్న ముక్క తగిలించడానికి ఇంత తతంగమా? జరుగు."

అడాప్టర్ డబ్బా చింపింది. భూపాల్‌కు నిజంగానే కోపం నషాళానికెక్కింది. మిషన్ గుర్తులేదు, పిస్టల్ గుర్తులేదు.

"ఓ మేడం! ముందు సీడీ! తర్వాత అడాప్టర్! ఎన్నిసార్లు చెప్పాలె మీకు? డబ్బామీద ఎర్రక్షరాలతోని రాసున్నది, కండ్లద్దాలు తీసి చదువు!"

ఆబిడ్స్‌లో ఏ కస్టమరైనా వినిపించుకున్నాడా, ఈమె వినిపించుకోవడానికి? గుచ్చేసింది. కొత్త హార్డ్‌వేర్ దొరికిందని కంప్యూటర్ సంబరపడింది. ఆమె నెక్స్ట్, నెక్స్ట్, నెక్స్ట్ నొక్కుకుంటూ పోయింది. ఏదో పనికిరాని డ్రైవర్ ఎక్కి కూర్చుంది. అడాప్టర్ లైటు వెలగలేదు. తెర మొత్తం నీలంగా మారి, కంప్యూటర్ దానంతటదే ఆరిపోయింది.

"అయిందా? సల్లగుండు!" అన్నాడు భూపాల్. "ఇప్పుడు సీడీ పెట్టినా తీస్కోదు. పెట్టిందంతా పీకి సాఫ్ చెయ్యాలె. మళ్ల మొదటికెల్లి."

లోయిస్ మొహం కందిపోయింది. పిస్టల్ అతని మెడకు ఆనించి, రెండో చేత్తో అడాప్టర్ డబ్బాలోని బుక్‌లెట్ తీసింది. "ఇందులో ఉన్నట్టే చెయ్యి. ఒక్క మెట్టు తప్పినా కాలుస్తాను."

ఇక ఎగ్గొట్టే దారి లేదు. ఆమె ఒక్కో లైను చదువుతోంది, అతను ఒక్కో లైను చేస్తున్నాడు. పీకాడు. సాఫ్ చేశాడు. సీడీ పెట్టాడు. చెమట కారి కళ్లలో పడుతోంది. పదకొండూ యాభై ఆరుకు అడాప్టర్ గుచ్చాడు.

పచ్చలైటు వెలిగింది. ఎదుటి లాడ్జిలోని కంప్యూటర్ పేరు తెరమీద కనబడింది. ఫైలు పంపడానికి ఒక్క క్లిక్ చాలు. గోడ గడియారంలో పదకొండూ యాభై ఎనిమిది.

మాబెల్ పని అయిపోయిందనుకున్నాడు భూపాల్. మౌస్‌మీద లోయిస్ వేలు ఆగింది. ఆమె చూపు బుక్‌లెట్ ఆఖరి లైనుకు వెళ్లింది.

"కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయవలెను," అని పైకి చదివింది. "ఇది తప్పదా?"

"నన్నెందుకు అడుగుతవ్? ఇందాక నా మాట ఇన్నవా? ఆ బుక్కునే అడుగు పో!"

ఒకసారి చెయ్యి కాల్చుకున్న మనిషి. పెదవి కొరుక్కుని రీస్టార్ట్ నొక్కింది.

అంతే. ఆ డొక్కు కంప్యూటర్ మూలుగుతూ ఆరింది, మూలుగుతూ వెలిగింది. యాంటీ వైరస్ లేచి ఒళ్లు విరుచుకుంది. తెరమీద ఇసుక గడియారం బొమ్మ తిరుగుతూనే ఉంది. లోయిస్ బల్లను గుద్దుతోంది. ఆ బొమ్మ మాయమవగానే ఆమె చెయ్యి మౌస్‌మీదికి వెళ్లింది, సరిగ్గా అప్పుడే పన్నెండు కొట్టింది, మనవాళ్లు తలుపు విరగ్గొట్టుకుని లోపలికొచ్చారు. అటు తిరిగిన ఆమె మణికట్టును భూపాల్ స్క్రూడ్రైవర్‌తో ఒక్క దెబ్బ కొట్టాడు. పిస్టల్ కింద పడింది.

"మైకేలన్న నిన్ను చెల్లె అన్నడు గదనే!" అని అరిచాడు. నలుగురు పట్టుకుంటే గానీ ఆగలేదు.

ఒంటిగంటకు ఆఫీసులో శాటిలైట్ ఫోన్ మోగింది. మాబెల్.

"నన్ను అక్కడినుంచి తప్పించారు, భూపాల్. మైకేల్ ఏడీ? ఫోన్ ఇవ్వు."

పొద్దుటినుంచి అందరిమీదా అరిచిన మనిషి మెల్లగా ఉన్నదున్నట్టు చెప్పేశాడు. అటువైపు చాలాసేపు ఏడుపు. తర్వాత, "చంపింది దొరికిందా?"

"దొరికింది వదినా. సీడీకన్న ముందు అడాప్టర్ గుచ్చింది. గా తిక్క పనే మనల్ని కాపాడింది."

మాబెల్ ఏడుస్తూనే నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. "మైకేల్ కూడా అంతే కదయ్యా. మిక్సీ కొన్నా, టీవీ కొన్నా పుస్తకం అటకమీద పారేసి ప్లగ్గు పెట్టేసేవాడు. ఎన్ని తిట్లు తిట్టానో."

"నేను గూడ తిట్టిన వదినా. ఎంత తిట్టినా నవ్వెటోడు," అన్నాడు భూపాల్, కళ్లు తుడుచుకుంటూ.

పక్కనే నిలబడి వింటున్న జగన్మోహనరావు, నిన్న సీడీ పెట్టకుండానే తన కంప్యూటర్‌కు తగిలించుకున్న కొత్త అడాప్టర్‌ను చప్పుడు కాకుండా ఊడదీసి జేబులో వేసుకున్నాడు.