బాయిలర్ గదిలోకి వచ్చిన వీధి

పొద్దున్నే చన్నీళ్ళతో మొహం కడుక్కుని పళ్ళు టకటకలాడిస్తూ వచ్చిన భర్తను చూస్తే ఆవిడకు జాలి వెయ్యలేదు, ఒళ్ళు మండింది. నెలైనా నిండని మనవరాలిని దుప్పట్లలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పిల్ల ముక్కు కొస మంచులా ఉంది. ఇంట్లో ఇద్దరు పనిమంతులుండి ఈ గతి పట్టిందంటే ఎవరితో చెప్పుకోవాలి?

ఆయన తాపీ మేస్త్రి, ఈ ఇంటి గోడలన్నీ ఆయన చేతిమీదుగా లేచినవే. కొడుకు ఊరందరి ఇళ్ళలో నీళ్ళనీ గదులనీ వేడిచేసే బాయిలర్లు బిగిస్తాడు. ఇంట్లో ఉన్న పాత బాయిలర్ మార్చాలని కొడుకు, ఇంకా బంగారంలా పనిచేస్తోందని తండ్రి మాటా మాటా అనుకుని, ఆఖరికి మాటలే మానేశారు. ఆ తర్వాత పాతది నిజంగానే చచ్చి ఊరుకుంది. కొడుకు మాట నెగ్గడంతో తండ్రి మూతి మరింత బిగుసుకుంది.

కొత్త బాయిలర్ పొగగొట్టానికి వీధివైపు గోడలో కన్నం పెట్టాలి. పెచ్చులూడకుండా సగం లోపలినుంచి, సగం బయటినుంచి తొలవాలని ఇద్దరికీ తెలుసు. "ఐదడుగుల ఎత్తులో అని నాన్నకి చెప్పమ్మా" అన్నాడు కొడుకు. ఆవిడ చెప్పింది. ఎక్కణ్ణుంచి ఐదడుగులో వీడు చెప్పలేదు, ఆయన అడగలేదు. ఆయన గది నేలనుంచి కొలిచాడు, వీడు వీధి నేలనుంచి. ఇంటి నేల వీధికంటే జానెడు ఎత్తు. రెండు కన్నాలూ కలవలేదు. కలుపుదామని మధ్యలో పగలగొట్టేసరికి, సన్నటి గొట్టం కోసం గుమ్మడికాయ దూరేంత బొక్క తయారైంది. ఆవిడే ఒక పాత అట్ట తెచ్చి ఆ బొక్కమీద పెట్టి మేకులు కొట్టింది. ఒక మేకు జారి అట్టలో చిన్న చిల్లు పడింది కూడా.

"గొట్టం చుట్టూ అంత సందుంటే విషపు గాలి ఇంట్లోకొస్తుంది. ముందు పూడ్చమనమ్మా, అప్పుడు బిగిస్తాను" అన్నాడు కొడుకు.

"కొలతలో తప్పు తనదేనని ఒప్పుకోమను. ఇప్పుడే పూడుస్తాను" అన్నాడాయన.

"నేనెందుకు ఒప్పుకోవాలి?"

"మరి నేనెందుకు పూడ్చాలి?"

"మీ పంతాలు పాడుగానూ, పసిగుడ్డు వణికిపోతోంది కదయ్యా" అంది ఆవిడ.

"అందుకే వేరే ఇల్లు చూసుకున్నానమ్మా. అక్కడ గదులు వెచ్చగా ఉన్నాయి. మేం వెళ్ళిపోతున్నాం." కొడుకు సంచి భుజాన వేసుకుని వీధిలో ఉన్న వ్యాను దగ్గరికి నడిచాడు. కోడలు కళ్ళు తుడుచుకుంటూ పిల్లను అందుకుంది.

"వాణ్ణి ఆపండి. ఈ పిల్ల గడప దాటితే నేను బతకలేను" అంది ఆవిడ.

ఆయన బాయిలర్ గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

కాసేపటికి లోపల్నుంచి పిలిచాడు. "ఇదిగో, ఒకసారి ఇలా రా. తలుపు తొందరగా వేసెయ్."

ఆ గొంతు ఎప్పుడూ వినేది కాదు. ఏమైందోనని ఆవిడ కంగారుగా వెళ్ళింది. గదంతా చీకటి. అట్టలోని చిల్లులోంచి సన్నటి వెలుగు వస్తోంది. ఎదుటి సున్నం గోడమీద వీధి ఉంది. వీధంటే మొత్తం వీధి, రంగులతో సహా, తలకిందులుగా. కింద నీలంగా ఆకాశం, దానిమీద ఎదురింటి కప్పు, పైన రోడ్డు. ఎవరో సైకిల్ మీద బోర్లా వేలాడుతూ చప్పుడు లేకుండా వెళ్ళిపోయారు. ఎదురింటావిడ ఆరేసిన చీర పైకి రెపరెపలాడింది.  ఆవిడ ఇన్నేళ్ళుగా చూస్తున్న వీధే, ఇంత అందంగా ఉందని ఎవరూ చెప్పలేదు. తెలియకుండానే ఆయన చెయ్యి పట్టుకుంది.

"నలభై ఏళ్ళుగా గోడలు కడుతున్నాను. ఇలాంటిది ఎన్నడూ చూడలేదే" అన్నాడాయన నెమ్మదిగా.

అప్పుడు గోడమీద కొడుకు కనిపించాడు. సంచి వ్యానులో పెట్టాడు. ఇంటివైపు రెండడుగులు వేసి ఆగాడు. వెనక్కి తిరిగి వ్యాను తలుపుకి తల ఆనించాడు. భుజాలు కదులుతున్నాయి. చొక్కా చేతితో మొహం తుడుచుకున్నాడు, మళ్ళీ తుడుచుకున్నాడు.

"వాడు ఏడుస్తున్నాడా?" అన్నాడాయన.

"ఇన్నాళ్ళుగా ఏడుస్తూనే ఉన్నాడు. మీరు వాడి మొహం చూస్తేగా."

ఆయన చాలాసేపు గోడకేసి చూశాడు. "నాకు ఎదురు తిరిగాడనే అనుకున్నానే, ఇంత బాధ పడుతున్నాడని అనుకోలేదు" అన్నాడాయన. ఆవిడ చెయ్యి వదిలి, చెప్పులైనా వేసుకోకుండా బయటికి వెళ్ళాడు.

ఆవిడ చీకట్లోనే నిలబడింది. ఆయన కూడా గోడమీదికి వచ్చాడు, తలకిందులుగా, నెరిసిన జుట్టుతో. కొడుకు ముందు నిలబడి ఏదో అన్నాడు. కొడుకు తలెత్తలేదు. ఆయన మళ్ళీ ఏదో అన్నాడు, రెండు చేతులూ చాచాడు. ఏం మాట్లాడుకున్నారో ఆవిడకు ఒక్క ముక్కా వినపడలేదు. కొడుకు తండ్రి భుజంమీద వాలిపోవడం మాత్రం కనిపించింది. ఆయన వాడి వీపు నిమురుతున్నాడు, చంటివాడప్పుడు నిమిరినట్టే. ఆ తర్వాత వ్యానులోంచి సంచి దించి, ఆయనే భుజాన వేసుకున్నాడు.

ఆవిడ వెనక గది తలుపు తెరుచుకుంది. గోడమీది వీధి వెలిసిపోయింది. పిల్లను ఎత్తుకుని కోడలు నిలబడి ఉంది. "అత్తయ్యా, మేం వెళ్ళొస్తాం..."

"లోపలికొచ్చి తలుపెయ్యవే తల్లీ" అంది ఆవిడ కన్నీళ్ళు తుడుచుకోకుండానే. "వెలుతురొస్తే వాళ్ళిద్దరూ చెరిగిపోతారు."