పద్దెనిమిది అంగుళాల ఏరియల్

హత్య ఉదయం పదిన్నరకు, పుదుచ్చేరి రేవు వంతెన మీద జరిగింది. హతులు ఇద్దరు. ఒకటి నిటారుగా నిలబడే ఇత్తడి కడ్డీ, రెండోది చెవిపోగులా వంగిన ఇత్తడి గొట్టం. హంతకుడు హమాలీ వేషంలో ఉన్న ఏజెంట్ పద్మనాభన్. ఆయుధం వేరుశెనగ బస్తా.

పదకొండింటికి ఫ్రెంచి రహస్య బ్యూరోలో చీఫ్ త్యాగరాజన్ అతని మీదికి ఫైల్ విసిరాడు. గురి బాగానే ఉంది.

అది 1931. ఆ రెండూ థెరెమిన్ అనే కొత్త పెట్టె వాద్యానికి ఏరియల్స్. దాన్ని ముట్టుకోనక్కర్లేదు. కడ్డీ దగ్గర గాల్లో చెయ్యి ఆడిస్తే పెట్టె ఏడుస్తుంది. గొట్టం దగ్గర చెయ్యి పెడితే నోరు మూస్తుంది. వాయించేది మదామ్ ఇర్మా. ఆమె ఓడ దిగుతుంటే లైట్‌హౌస్ పట్టపగలే వెలిగిందని బ్యూరో రిపోర్టు. ఫ్రెంచివాళ్ళ దగ్గరా, బ్రిటిష్‌వాళ్ళ దగ్గరా జీతం తీసుకునే డబుల్ ఏజెంట్.

బ్రీఫింగ్ చిన్నదే. బ్రిటిష్‌వాళ్ళు ఉరిశిక్ష వేసిన విప్లవకారుడు వీరరాఘవన్ తప్పించుకొస్తే, బ్యూరో అతన్ని వీరాంపట్టినం తీరంలో ఏడో ఇంట్లో దాచింది. టైఫాయిడ్. అక్కణ్ణించి కదిలిస్తే చస్తాడు, దొరికితే వేలాడతాడు. ఇంటి నంబరు ఇర్మాకు తెలిసిపోయింది. రేపు సాయంత్రం ఐదింటికి బీచ్‌లో కచేరీ. ఊళ్ళో పోలీసులంతా అక్కడే ఉంటారు. అదే సమయంలో పెట్టెలోని రహస్య ట్రాన్స్‌మిటర్ సముద్రంలో కాచుకున్న బ్రిటిష్ లాంచ్‌కి సిగ్నల్ పంపుతుంది. ఎన్నిసార్లు ఏడిస్తే అన్నో ఇల్లు. అరెస్టు చేద్దామంటే ఆమె గవర్నర్ గారి అతిథి.

“ఆ రెండే విరగ్గొట్టినావు. పెట్టెనేం చేసినావయ్యా, ముద్దు పెట్టుకున్యావా?” అన్నాడు చీఫ్. “కొత్తవి చేయించేదానికి కంచరి సెంగమలం కాడికి పోయిందా యమ్మ. అవి పనికిరాకుండా చేయించు. లేదంటే వీరరాఘవన్ పాడె నువ్వే మోస్తావు.”

పద్మనాభన్ పర్షియా ముత్యాల వ్యాపారి వేషంలో వెళ్ళాడు. గడ్డం నడుము దాకా ఉంది. చేతిలో పిస్తోలు దాచిన గొడుగు. సెంగమలం గుడి గంటలు పోస్తుంది. ఆమె దగ్గితే ఊళ్ళో గంటలు వాటంతటవే ఆగిపోతాయని వాడుక. తల ఎత్తకుండానే అంది.

“ఆ గడ్డం తీసి మాట్లాడు రా. కొలిమికి అంటుకుంటే కేసు నా మీదికొస్తుంది.”

తీశాడు. ఇర్మా ఇచ్చిన స్కెచ్‌లో కడ్డీ పద్దెనిమిది అంగుళాలు. దాన్ని పద్నాలుగుకు కొట్టెయ్యమన్నాడు. సెంగమలం వేళ్ళ మీద ఏదో లెక్క వేసింది. వాళ్ళ వంశంలో ఏది చేసినా ఆయం చూడాల్సిందే. కొలతను ఎనిమిదితో భాగించి, మిగిలిన అంకెకున్న గుర్తును బట్టి మంచీచెడూ తేలుస్తారు.

“పద్దెనిమిదంటే రెండు మిగిలేది. పొగ. ఆ దొరసానికీ బుద్ధి లే. పద్నాలుగంటే ఆరు. గాడిద. నా కొట్లో గాడిదను చేసేది లే.”

“అక్కా, ఒక మనిషి ప్రాణం...”

“ఎవురి ప్రాణమో నాకేంది? పేరు నాది. పంతొమ్మిది చేస్తా. మూడు మిగిలేది, సింహం. నువ్వు పో.”

సుత్తితో గుమ్మం వైపు చూపించింది. తర్వాత గొట్టంలో ఇసుక కూరి, నిప్పుల మీద కాల్చి, మోకాలికి ఆనించి వంచింది. సింహం వచ్చేదాకా దాన్ని కూడా పెంచింది. పద్మనాభన్ కుమిలిపోయాడు. పొట్టిది కావాలంటే పొడుగుది తయారైంది. ఇక సిగ్నల్ లాంచ్‌కేం ఖర్మ, నేరుగా లండన్‌కే పోతుంది.

మర్నాడు కొత్త ఏరియల్స్ కచేరీకి పావుగంట ముందు చేరాయి. కొలిచే వ్యవధి లేక ఇర్మా అలాగే బిగించేసింది. వేదిక ఎక్కుతూ, గొడుగుతో ముందు వరసలో ఉన్న పద్మనాభన్ పక్కన ఒక్క క్షణం ఆగింది.

“మీ బస్తా బరువు చాల్లేదు, ముస్యే.”

ఐదయింది. స్విచ్ వేసింది. పెట్టె ఏడ్చింది. పద్మనాభన్ గొడుగు ఎత్తి పెట్టెకు గురిపెట్టి మీట నొక్కాడు. గొడుగు తెరుచుకుంది. వెనక వరసలో వాళ్ళు కనబడడం లేదని తిట్టారు.

మొదటి ఏడుపు ఆపడానికి ఇర్మా గొట్టం మీద చెయ్యి పెట్టింది. పెట్టె ఆగలేదు. కడ్డీ నుంచి దూరంగా జరిగింది. ఆగలేదు. పెట్టెలోని శ్రుతి పద్దెనిమిది అంగుళాలకు కట్టినది. పెరిగిన ఇత్తడికి అది తప్పింది, ఇంకేం చేసినా నోరు మూయడం లేదు. తీగ పీకేద్దామంటే అది గవర్నర్ గారి కుర్చీ కింద ఉంది. ఏడు ఏడుపులు కావాల్సిన చోట పది నిమిషాల పాటు ఒకే ఒక్క ఏడుపు సాగింది. గవర్నర్ గారు కళ్ళు తుడుచుకున్నారు.

లాంచ్‌లో ఆపరేటర్ శ్రద్ధగా విని, ‘ఒకటి’ అని రాసుకున్నాడు.

ఆరుగురు సిపాయిలు తీరం ఎక్కి ఒకటో ఇంటి తలుపు తన్నారు. లోపల చేపలమ్మే కన్నియమ్మాళ్ కత్తిపీట ముందు కూర్చుని సొరచేప కోస్తోంది. ఎవరు మీరు అని అడగలేదు. చేపను వదిలి కత్తిపీటతో లేచింది. ఆరుగురూ సముద్రంలోకి దూకారు. వాళ్ళలో ఇద్దరికి ఈత రాదు, అయినా లాంచ్‌ను ముందు చేరింది వాళ్ళే. ఏడో ఇంట్లో వీరరాఘవన్ గంజి తాగి పడుకున్నాడు.

జ్వరం తగ్గాక అతను బ్యూరోకు ఒక మనవి పంపాడు. ఇకమీదట తనను ఒకటో ఇంట్లో దాచాలట. చీఫ్ మంజూరు చేశాడు.

కన్నియమ్మాళ్ ఒప్పుకోలేదు. పోలీసుకు భయపడే మగాణ్ణి ఇంట్లో పెట్టుకుంటే తన పేరు చెడుతుందంది.