డెమో క్లాసుల ఫణీంద్ర

"నీలం చొక్కా సార్, మీరు జర బయటికి రాండ్రి."

బోర్డు మీద 'జావా' అని రాసి ఇటు తిరిగిన చంద్రిక, మార్కర్‌తోనే చివరి వరసకేసి చూపించింది. అరవై తలలు ఒక్కసారిగా వెనక్కి తిరిగాయి.

నీలం చొక్కా అమాయకంగా లేచి నిలబడ్డాడు. "నేనాండీ?"

"మీరే. పోయిన సోమవారం డెమోల ఉన్నరు. పోయిన నెల డెమోల సుత ఉన్నరు. డెమో అంటే ఒక్కరోజు ఫ్రీగ విని, నచ్చితే చేరాలె. మీరు ఫ్రీగనే కోర్సు పూర్తి చేస్తున్నరు."

"పూర్తి ఎక్కడైందండీ? ఇన్‌హెరిటెన్స్ పాఠం దాకా వచ్చాను. మిగతాదానికి ఎదురు బిల్డింగులో శుక్రవారం డెమో ఉంది."

క్లాసు గొల్లుమంది. చంద్రికకి ఒళ్లు మండింది.

అతని పేరు ఫణీంద్ర. కాలేజీలో ఉండగానే ఉద్యోగం వచ్చింది. చేరే తేదీ రాకముందే అమెరికాలో కంపెనీలు బోర్లాపడి ఆ ఉద్యోగం కాస్తా ఎగిరిపోయింది. అది రెండువేల ఒకటిలో. ఇప్పుడు రెండువేల రెండు జూలై. ఏడాదిగా అమీర్‌పేటలో అతను ఎక్కని కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ మెట్లు లేవు.

క్లాసు అయ్యాక వరండాలో పట్టుకుంది చంద్రిక.

"ఎక్కడుంటరు?"

"మధురానగర్."

"హాస్టలా?"

"సొంతిల్లు."

"సొంతిల్లు పెట్టుకొని ఫీజు ఎగ్గొడతరా? నా క్లాసుల ఎంతమంది ఒక్కపూట తిని ఫీజు కడుతున్నరో ఎరికేనా?"

"ఆ ఇల్లు మా నాన్నదండీ. అడిగితే డబ్బులిస్తారు. కానీ దాంతోపాటు ఉపన్యాసం కూడా ఇస్తారు."

"పైసలిచ్చి మరీ ఉపన్యాసం చెప్తుంటే వినడానికేం బాధ? నాకు చెప్పుమనుండ్రి, నేను వింట."

"మీరు వినలేదు కాబట్టి అలా అంటున్నారు." ఫణీంద్ర గొంతు సవరించుకుని, కళ్లజోడు సర్దుకుంటున్నట్టు వేలు పెట్టాడు. "'ఇరవై ఒకటో ఏట బ్యాంకులో చేరాను. ముప్పై రెండో ఏట ఇల్లు కట్టాను. నీకు ఇరవై మూడు నిండాయి. ఇంకా కోర్సులేంట్రా?' ఇది రోజూ ఇడ్లీతో పాటు."

నవ్వు వచ్చింది గానీ చంద్రిక నవ్వలేదు.

"ఊరికె విననియ్య. మధ్యాహ్నం ల్యాబ్‌ల తెలుగు మీడియం నుంచి ఒచ్చినోళ్లు ఉన్నరు. కంప్యూటర్ ముట్టాలంటేనే భయపడుతరు. రెండు గంటలు వాళ్లకు సి లాంగ్వేజ్ చెప్పుండ్రి, పొద్దున నా క్లాసు వినుండ్రి. కృష్ణమోహన్ సార్‌తోని నేను మాట్లాడుత. ఇన్‌స్టిట్యూట్ ఆయనదే."

"నేను బీటెక్ అండీ! ల్యాబ్ అసిస్టెంట్‌గానా?"

"నేను బీఎస్సీ. మూడు డెమోలు నా దగ్గరనే విన్నరు. అప్పుడు మీ బీటెక్ ఏం చేస్తుండె?"

మర్నాడు మధ్యాహ్నం ల్యాబ్ తలుపు దగ్గర ఫణీంద్ర నిలబడి ఉన్నాడు, అదే నీలం చొక్కాతో.

మొదటివారం విసుక్కుంటూ చెప్పాడు. రెండోవారానికి విసుగు మర్చిపోయాడు. పాయింటర్ అంటే ఏమిటో ఎవరికీ అర్థం కాకపోతే, "హాస్టల్లో మీ స్నేహితుణ్ని మోసుకురాను కదా, అతని రూమ్ నంబరు చెప్తాను. మీరే వెళ్లి చూసుకుంటారు. అంతే" అన్నాడు. గది అంతా "ఓహో" అంది. కిటికీ అవతల నుంచి చంద్రిక కూడా అంది, చప్పుడు కాకుండా.

సాయంత్రాలు వాన. వాన వచ్చినప్పుడల్లా మూలమీది చాయ్ హోటల్లో ఇద్దరూ ఇరుక్కునేవారు. చంద్రిక తన చాయ్ డబ్బులు తను బల్లమీద పెట్టేది.

"ఈరోజు నేనిస్తానండీ."

"ఏం పెట్టి ఇస్తరు?"

"మీ నోటికి జడిసే వాన ఆగింది చూడండి" అని అతను బయటికి చూపించేవాడు. అది ఆగి ఉండేది కాదు. చంద్రిక మాత్రం ప్రతిసారీ నిజంగానే తిరిగి చూసేది.

ఒకరోజు అతను గొణుక్కుంటూ వచ్చాడు. "మా నాన్న కాలంలో పిలిచి ఉద్యోగాలిచ్చేవాళ్లండీ. మా తరానికే దురదృష్టం."

చంద్రిక గ్లాసు ఠక్కున కింద పెట్టింది.

"మీ ఇంట్ల మంచి రోజులు పోయినయ్. మా ఇంట్ల అసలు ఎప్పుడొచ్చినయ్? మా నాయన మొగిలయ్య ఎర్రగడ్డ మార్కెట్ల మూటలు మోస్తడు. కుర్చీల కూసొని జీతం తీసుకున్నది మా ఖాన్‌దాన్‌ల నేనే మొదలు. మీరు తిడుతున్న గీ కాలమే నాకు మంచికాలం. నా ముంగట ఏడువకుండ్రి."

ఫణీంద్ర తన గ్లాసు పక్కకి జరిపాడు. తర్వాత మెల్లిగా అన్నాడు. "మా నాన్న తన కాలం తెచ్చి నన్ను తిడతారు. మీరు మీ నాన్న కాలం తెచ్చి తిడతారు. నేనేం చెయ్యాలో మాత్రం ఎవరూ చెప్పరు."

"చెప్పిన గద! రేపు ల్యాబ్‌ల స్ట్రక్చర్స్ పాఠం మొదలు పెట్టుండ్రి."

అతను తలెత్తి చూశాడు. ఆ చూపులో కోపం లేదు. అదే చంద్రికని ఇబ్బంది పెట్టింది.

ఆ మరుసటివారం తడిసిన గొడుగుతో ఒక పెద్దాయన కౌంటర్ దగ్గరికి వచ్చారు. "ఫణీంద్ర తండ్రిని, అచ్యుతరావు" అంటూ డబ్బుల కవరు తీశారు. "వాడు ఫీజుకి బదులు ఇక్కడ పని చేస్తున్నాడని ఎవరో చెప్పారు. వాడి ఫీజు ఎంతమ్మా? ఇప్పుడే కట్టేస్తాను. నేనింకా బతికే ఉన్నాను, వాడిచేత చాకిరీ చేయించుకోవడం ఏంటి?"

"తీసుకోను సార్. ఆయన ఎప్పుడో కట్టిండు."

"వాడి దగ్గర ఏముందని?"

చంద్రిక ఆయన్ని ల్యాబ్ కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది. లోపల ఒకమ్మాయి అడిగిన సందేహమే మళ్లీ అడుగుతోంది. ఫణీంద్ర నాలుగోసారి చెబుతున్నాడు, మొదటిసారి చెబుతున్నట్టే. అచ్యుతరావు గారు అరగంట కదల్లేదు.

"ఇంట్లో నాతో రెండు ముక్కలు మాట్లాడడమ్మా" అన్నారు చివరికి.

"మాట్లాడనిస్తరా సార్? ఒక్కటడుగుత, ఏమనుకోకుండ్రి. మీరు బ్యాంకుల చేరినప్పుడు పరీక్షకు ఎంతమంది ఒచ్చిండ్రు?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "పరీక్షా... మా మేనమామ మేనేజరు గారి దగ్గరికి తీసుకెళ్లారు. డిగ్రీ చూసి సోమవారం రమ్మన్నారు."

"నిన్న మీ కొడుకు పంజాగుట్టల ఇంటర్వ్యూకు పోయిండు. రెండు పోస్టులు, నాలుగు వందల మంది. పొద్దుగాల ఆరింటికే లైన్ల నిలవడ్డడు."

"నాతో చెప్పలేదే!"

ఆయన చేతిలోని కవరు మెల్లిగా జేబులోకి వెళ్లిపోయింది.

క్లాసు వదిలి బయటికొచ్చిన ఫణీంద్ర తండ్రిని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏరా" అన్నారు అచ్యుతరావు గారు. తర్వాతి మాట కోసం చాలా వెతుక్కున్నారు. "టీ తాగుదామా?"

ముగ్గురూ వెళ్లారు. ఆయన పర్సు తీసేలోపే చంద్రిక తన చిల్లర బల్లమీద పెట్టింది.

"ఇదేంటమ్మా!"

"వదిలేయండి నాన్నా" అన్నాడు ఫణీంద్ర. "నెల్లాళ్లుగా నేనూ ఓడిపోతూనే ఉన్నాను."

పంజాగుట్ట ఉద్యోగం రాలేదు. ఆ తర్వాత రెండు కూడా రాలేదు. సెప్టెంబరులో నాలుగోది వచ్చింది. ఆ కబురు చెప్పడానికి మూడంతస్తులూ పరిగెత్తి ఎక్కాడు ఫణీంద్ర.

"చిన్న కంపెనీ. నెలకి ఐదువేలు. మా నాన్న 'అంతేనా' అనబోయి నోరు మూసుకున్నారండీ! కళ్లారా చూశాను."

చంద్రిక పగలబడి నవ్వింది. ఉన్నట్టుండి నవ్వు ఆగింది. "అయితే ఇంక ల్యాబ్‌కు రారన్నమాట."

"సాయంత్రం వస్తాను. మీతో ఒక మాట చెప్పాలి. పెళ్లి గురించి."

"సాయంత్రం దాకా ఎందుకు? ఇప్పుడేమైంది నోటికి?"

"ఆయాసంగా ఉందండీ!" అని అతను గోడకి చేరబడ్డాడు. "సరే. నన్ను చేసుకుంటారా?"

చంద్రిక రిజిస్టరు మూసింది, తెరిచింది, మళ్లీ మూసింది. "పెళ్లయినంక సుత నా జీతంల సగం మా ఇంటికిస్త. వద్దనేటట్టయితే ఇప్పుడే మెట్లు దిగుండ్రి."

"ఇప్పుడేగా ఎక్కాను. దిగే ఓపిక లేదు."

ఆ ఆదివారం అచ్యుతరావు గారు భార్య అరుణాదేవితో బల్కంపేటలో మొగిలయ్య ఇంటికి వెళ్లారు. కట్నం మాటే వద్దన్నారు. పెళ్లి ఖర్చంతా తనదేనన్నారు.

మొగిలయ్య చాప మీద నుంచి లేచి నిలబడ్డాడు. "గట్లెట్లయితది సార్? మీ కొడుకు పెండ్లి ఎంతనో నా బిడ్డ పెండ్లి సుత గంతే. సగం నాది."

"మాకు ఉన్నది కదండీ..."

"మాకు సుత రెండు చేతులున్నయ్ సార్."

గంటసేపు వాదించి, అలిసిపోయి, అచ్యుతరావు గారు టీ పట్టుకొచ్చిన చంద్రికవైపు తిరిగారు. "మీ ఇంట్లో అందరూ ఇంతేనా అమ్మా?"

"అందరూ ఇంతే సార్."

"సార్ ఏంటి సార్! మామయ్యా అను" అని ఆయన విసుగ్గా కప్పు అందుకున్నారు. "కనీసం ఆ పిలుపైనా ఊరికే తీసుకో తల్లీ!"