అత్తగారు ఎక్కిన కుర్చీ

ఆ ఉదయం గంగాభవాని మొహం కడుక్కునేసరికి, భర్త చంద్రమౌళి స్నానాలగది గుమ్మం పక్కన గోడకి మరో కడ్డీ బిగిస్తున్నాడు. పట్టుకు నడవడానికని బిగించిన కడ్డీలతో ఇల్లు సిటీబస్సులా తయారైంది. టికెట్టు ఎక్కడికి తీసుకోమంటారని అడిగింది భవాని. ఆయన సుత్తితో ఇంకో దెబ్బ వేశాడు.

ఆవిడ రోలుగుంట హైస్కూల్లో లెక్కలు చెప్పే రోజుల్లో, ఎండ ముదిరితే కుడికాలు ఈడ్చుకుపోయేది. చంద్రమౌళి కొత్త చెప్పులు కొన్నాడు. తర్వాత చేతికర్ర వచ్చింది. ఆయన నున్నటి టైల్స్ పీకించి గరుకువి వేయించాడు. విశాఖలో నరాల డాక్టరు దీన్ని మల్టిపుల్ స్క్లెరోసిస్ అంటారన్నాడు. కొందరికి వచ్చి తగ్గుతూ ఉంటుందట. ఈవిడది మాత్రం నెమ్మదిగా ముదురుతూ పోయే రకమట. మందులు ఆ వేగాన్ని కాస్త తగ్గించవచ్చు గానీ పోయిన బలాన్ని తిరిగి తేలేవని విడమరిచి చెప్పాడు. చంద్రమౌళి అంతా శ్రద్ధగా విని, వచ్చేదారిలో నువ్వులనూనె కొన్నాడు.

ఆ నూనెతో అత్తగారు అప్పలనర్సమ్మ రోజూ కోడలి కాళ్లు మర్దనా చేసి వరండాలో నడిపించేది. నడిచి నడిచి వంటింటికి చేరేసరికి భవానికి ఓపికంతా అయిపోయి, ఎందుకొచ్చిందో కూడా గుర్తుండేది కాదు. ముందు బడి మానేసింది, తర్వాత బజారు, ఆ తర్వాత పెళ్లిళ్లు. అందుకే ఎవరికీ చెప్పకుండా ఫోన్లో చక్రాల కుర్చీకి ఆర్డరిచ్చింది.

కడ్డీ పని పూర్తికాకుండానే ఆటో తోలే దేముడు ఆ కుర్చీని గుమ్మంలో దించాడు. ఇల్లు ఇదే గానీ తన భార్య నడుస్తుందని చంద్రమౌళి అతన్ని తిప్పి పంపబోయాడు. లోపల్నుంచి భవాని కడ్డీలు పట్టుకుంటూ, ఆగుతూ, గుమ్మం చేరేసరికి కుర్చీని మళ్లీ ఎక్కించుకుని ఆటో స్టార్టయింది.

"కొంచెం ఉంటే ఈ ఆటో ఎలమంచిలి చేరిపోయేది. ఇంకా నేను నడుత్తానంటారా?" అంది రొప్పుతూ.

కుర్చీ లోపలికొచ్చింది. అందులో కూర్చుంటే కాళ్లు మొద్దుబారిపోతాయని అప్పలనర్సమ్మ గొణిగింది. మెత్తగా ఉందో లేదో చూస్తానని తనే కూర్చుంది. చక్రాలు తిప్పి చూసింది. హాల్లోంచి వంటింట్లోకి, అక్కణ్ణుంచి పెరటి గుమ్మందాకా వెళ్లి, ఒళ్లో పప్పుచేట పెట్టుకుని తిరిగొచ్చింది. మధ్యాహ్నమైనా దిగలేదు. తల్లికి నచ్చింది కదా, ఆవిడకే ఉంచేద్దామన్నాడు చంద్రమౌళి, కొంచెం ఆశగా.

గోడకి ఆనుకుని నిలబడ్డ భవానికి కాళ్లు వణుకుతున్నాయి.

"అత్తా, లేగండి. అది నాది."

చంద్రమౌళి మొహం పాలిపోయింది. "అలాగనకు భవానీ. నువ్వందులో కూర్చుంటే, నేనేం చేసినా ఇది ఆగలేదనే కదా."

"ఆగదండీ. మీరు చెయ్యక కాదు, అదంతే. ఇయాళ కాళ్లు. రేపు చేతులకీ రావచ్చు. అందాకా నన్ను ఈ గోడల మధ్యే తిప్పుతారా?"

ఆయన సుత్తి కింద పెట్టి, భవాని కాళ్ల దగ్గరే చతికిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆవిడ నిలబడే ఆయన తల మీద చెయ్యి వేసింది. వంగితే మళ్లీ లేవలేదు మరి. అప్పలనర్సమ్మ చేటతో సహా గబుక్కున లేచి, కొంగుతో సీటు తుడిచింది.

"నీకు కావాలని ముందే సెప్పొచ్చు కదే. నేనెప్పుడో లేసిపోదును," అంది, కళ్లు కూడా ఆ కొంగుతోనే తుడుచుకుంటూ.

సాయంత్రం మెట్ల మీద పాత తలుపుచెక్క వేసి కుర్చీని దింపారు. బజారులో భవాని అడగని కూర లేదు, పలకరించని కొట్టు లేదు. వంకాయలు ముదిరాయని ఒకరితో, తూకం తక్కువని ఇంకొకరితో తగువేసుకుంది. తోసి తోసి అలిసిపోయిన చంద్రమౌళి సోడాబండి దగ్గర బల్ల మీద కూలబడ్డాడు.

"మీరు కూర్చోండి. నేను పూలకొట్టుదాకా వెళ్లొత్తాను," అని, ఆయన జవాబు కోసం చూడకుండా చక్రాలు తిప్పుకుంటూ జనంలోకి వెళ్లింది.